పదిహేడేళ్ల లోపు విజేతలు: మనీలాలో ఓ సన్మాన సభ

శ్రోతలకు నమస్కారం.

ఫిలిప్పీన్స్ క్రీడా పాత్రికేయుల సంఘం 1949 నుంచి ఉంది. కొత్త సంవత్సరం మొదటి నెలల్లో ఈ సంఘం మనీలాలో పెద్ద సభ జరిపి, అంతకు ముందు ఏడాది రాణించిన క్రీడాకారులను సత్కరిస్తుంది. 2025 జనవరిలో మనీలా హోటల్లో జరిగిన సభలో ప్రధాన పురస్కారం జిమ్నాస్ట్ కార్లోస్ యూలోకి దక్కింది. పారిస్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో రెండు స్వర్ణాలు తెచ్చినవాడు కాబట్టి అందులో ఎవరికీ పేచీ లేదు. అసలు తకరారు అదే వేదిక మీద ఇచ్చే మరో పురస్కారం దగ్గర మొదలవుతుంది. 17 ఏళ్లు, అంతకు లోపు వాళ్లకు టోనీ సిద్దయావ్ పేరిట ఇచ్చే గౌరవం అది. సిద్దయావ్ ఆ దేశంలో పేరున్న క్రీడా సంపాదకుడు.

పెద్దవాళ్లలో ఎవరు గొప్పో పతకం చెప్పేస్తుంది. పిల్లల విషయంలో పతకం ఒక్కోసారి పుట్టిన నెలను చెబుతుంది! ఏ పోటీకైనా వయసు లెక్క ఒక తేదీ దగ్గర తెగుతుంది. ఆ తేదీ జనవరి 1 అయితే, జనవరిలో పుట్టిన పిల్లాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ ఒకే విభాగం. 13, 14 ఏళ్ల దగ్గర ఆ 11 నెలల తేడా ఎత్తులో, భుజబలంలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందు పుట్టినవాడు జట్టులోకి వస్తాడు, మంచి కోచ్ దొరుకుతాడు, ఇంకా ముందుకు పోతాడు. ఈత, బాస్కెట్‌బాల్ లాంటి చోట్ల ఇది మరీ ఎక్కువ. ఈ పురస్కారాల జాబితా తయారుచేసేవాళ్లు విజేతల పుట్టిన నెలలు ఒక కాగితం మీద రాసుకుంటే చాలు, ఏడాది మొదటి మూడు నెలల వైపు మొగ్గు ఉందో లేదో తెలిసిపోతుంది.

రెండో చిక్కు పోటీ స్థాయి. 1948 నుంచి నడుస్తున్న పలారోంగ్ పంబన్సా బడిపిల్లల జాతీయ క్రీడలు. 1999లో మొదలైన బతాంగ్ పినోయ్ కూడా పిల్లలదే. ఈ రెంటిలోనూ ఈత కొలనులో ఒకే పిల్లవాడు అయిదారు స్వర్ణాలు గెలవడం మామూలే. ఆసియా జూనియర్ పోటీలో ఒక్క కాంస్యం తెచ్చిన అమ్మాయి పక్కన వాటిని లెక్కపెట్టి చూస్తే ఆ అమ్మాయికి అన్యాయం జరుగుతుంది. ఎన్ని పతకాలని కాకుండా, ఎంతమంది దిగిన పోటీలో, ఎన్ని దేశాల మధ్య అని అడగాలి. 2014 నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్ సంగతి చూడండి. విలువిద్యలో ఫిలిప్పీన్స్ కుర్రాడు లూయిస్ గాబ్రియేల్ మొరేనో చైనా అమ్మాయి లీ జియామాన్‌తో జోడీ కట్టి మిశ్రమ జట్టు స్వర్ణం గెలిచాడు. వేర్వేరు దేశాల వాళ్లు కలిసిన జట్టు కాబట్టి ఆ పతకం ఫిలిప్పీన్స్ ఖాతాలో పడలేదు. బాణాలు వేసింది మాత్రం అతనే కదా!

ఇక, జూనియర్ పురస్కారాన్ని భవిష్యవాణి అనుకుంటే బోల్తా పడతాం. హిడిలిన్ డియాజ్ 17 ఏళ్లకే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బరువులెత్తింది. చివరి వరుసల్లో నిలిచింది. 2012 లండన్‌లో క్లీన్ అండ్ జెర్క్ (బరువును ముందు భుజాల దాకా తెచ్చి, తర్వాత తలపైకి ఎత్తడం) మూడు ప్రయత్నాలూ విఫలమై ఫలితమే లేకుండా పోయింది. తర్వాత 58 కిలోల నుంచి 53 కిలోల శరీర బరువు విభాగానికి దిగి 2016 రియోలో రజతం, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో 55 కిలోల్లో మొత్తం 224 కిలోలెత్తి స్వర్ణం. ఆమె దేశానికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరిన 2000 సిడ్నీలో మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 240 కిలోలతో కాంస్యం తెచ్చిన సంగతి గుర్తున్నవాళ్లకు ఈ అంకెల బరువు వేరే చెప్పక్కర్లేదు. కార్లోస్ యూలో కూడా టోక్యోలో తన బలమైన ఫ్లోర్ విభాగంలో ఫైనల్‌కే రాలేదు, వాల్ట్‌లో నాలుగో స్థానంతో ఆగాడు. మరోవైపు టెన్నిస్‌లో అలెక్స్ ఎయాలా 17 ఏళ్లకే, 2022లో, యూఎస్ ఓపెన్ బాలికల సింగిల్స్ గెలిచింది. ఆ అమ్మాయి దారి వేరు. చిన్న వయసులోనే స్పెయిన్‌లో టెన్నిస్ దిగ్గజం రఫెల్ నడాల్ అకాడమీకి వెళ్లింది. అంత అవకాశం దక్షిణ ఫిలిప్పీన్స్ దీవి మిందనావోలోని పల్లె పిల్లకు ఎక్కడిది?

డబ్బు విషయానికి వస్తే, 2015లో ఫిలిప్పీన్స్‌లో వచ్చిన 10699వ చట్టం స్పష్టంగానే ఉంది. ఒలింపిక్ స్వర్ణానికి కోటి పెసోలు, ఆసియా క్రీడల స్వర్ణానికి 20 లక్షలు, ఆగ్నేయాసియా క్రీడల స్వర్ణానికి 3 లక్షలు. కోచ్‌కు అందులో సగానికి సమానమైన మొత్తం విడిగా ఇస్తారు. కోచ్‌లు ఒకరికంటే ఎక్కువైతే ఆ మొత్తాన్ని సమంగా పంచుకోవాలి. చిన్నప్పుడు ఊళ్లో బడి మైదానంలో పరుగు నేర్పిన వ్యాయామం మాస్టారు పేరు ఈ పంపకం దాకా రావడం కష్టం. జూనియర్ సన్మానంలో మాత్రం ఆ లోటు తీర్చడానికి ఖర్చేమీ కాదు. వేదిక మీద చదివే ప్రశంసాపత్రంలో పిల్లవాడి పేరు కిందే ఆ మాస్టారి పేరూ, ఆ బడి పేరూ చేరిస్తే సరి. నామినేషన్ ఫారంలోనే అందుకో గడి పెట్టాలి. సభ రోజు వెతుక్కుంటే ఆ పేర్లు దొరకవు.