నలభై కిలోమీటర్లు దాటని పిట్ట

అందరికీ నమస్కారం. అమలాపురంలో పక్షుల మీద మాట్లాడుతున్నానంటే కొంగలో, కోరింగ మడ అడవులో అనుకుని వచ్చి ఉంటారు. నేను చెప్పబోయేది మన డెల్టాలో ఎప్పటికీ కనిపించని పిట్ట. పేరు నీలగిరి షోలాకిలి.

మొత్తం పొడవు 15 సెంటీమీటర్లు. పైన ముదురు నీలం, పక్కలు ఇటుక రంగు, కంటిపైన తెల్లటి గీత. కొండ మడతల్లో పెరిగే షోలా అడవిలో, చెట్ల కింది పొదల చీకట్లో, నేలమీద గెంతుతూ పురుగులు ఏరుకుంటుంది. ఈల లాంటి పాట వినిపిస్తుంది గానీ మనిషికి దొరకదు. ఊటీ వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ఆ ఊరిని ఆనుకున్న కెయిర్న్ హిల్ అడవిలోనే ఇది ఉంది. మనం బొటానికల్ గార్డెన్‌లో ఫొటోలు దిగి బస్సెక్కేశాం!

అసలు విషయం దాని తిరుగుడు. పశ్చిమ కనుమలు పాలక్కాడ్ దగ్గర తెగిపోయి, 30 నుంచి 40 కిలోమీటర్ల వెడల్పున పల్లం ఏర్పడింది. దానికి ఉత్తరాన ఈ పిట్ట. దక్షిణాన కొడైకెనాల్, మున్నార్ వైపు దాని చుట్టం, పొట్ట తెల్లగా ఉంటుంది. రెండూ ఒకటేనని చాలాకాలం లెక్కేశారు. జన్యువులు చూస్తే లక్షల ఏళ్ల కిందటే వేరుపడ్డాయని తేలింది. 2017లో వీటికి షోలికోలా అనే కొత్త ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, ఏర్పాటు చేశారు.

చలికాలంలో మన కోరింగ బురదనేలల మీద వాలే ఉల్లంకి పిట్టలు వేల కిలోమీటర్లు దాటొస్తాయి. ఇది నలభై దాటదు. చేతకాక అనుకోకండి. వరదలో మన లంక గ్రామం ఎలా ఉంటుందో, దానికి ఎత్తైన కొండ అలా ఉంటుంది. చుట్టూ ఉన్నది నీరు కాదు, ఎండా వేడీ. పడవ మాత్రం లేదు.

ఆ లంకల్నీ మనుషులు కోసేశారు. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి టీ తోటలు, జామాయిల్, వాటిల్ చెట్లు వేశారు. దూరం నుంచి చూస్తే కొండంతా పచ్చగానే ఉంటుంది. ఫొటోకి అది చాలు. పిట్టకు కావలసింది కింద తడి ఆకులు, నాచు, నీడ. టీ తోటలో అవెక్కడివి?

ఇంకో సంగతి. కొందరు ఫోన్‌లో దాని పాట పెట్టి బయటికి రప్పిస్తారు. పోటీకి మరో మగపిట్ట వచ్చిందనుకుని అది గూడు వదిలి పరుగెత్తుకొస్తుంది. మన సెలవుల సీజనూ, అది గుడ్లు పెట్టే ఏప్రిల్, మే నెలలూ ఒకటే. ఈసారి వెళ్తే పాట మాత్రం పెట్టకండి. తెల్లవారగానే అడవి అంచున కదలకుండా నిలబడి చూడండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.