మచ్చ వేరు, పుచ్చు వేరు

అందరికీ నమస్కారం. పొలం పనులు పక్కనపెట్టి వచ్చిన తల్లిదండ్రులకు, మనవళ్ళను వెంటబెట్టుకొచ్చిన అవ్వలకు, తాతలకు.

పిల్లల పళ్ళ గురించి చెప్పమన్నారు. మన కనిగిరి, పొదిలి, దర్శి వైపు పళ్ళ సంగతి ఎత్తితే ముందు నీళ్ళ సంగతి ఎత్తాలి. నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై పళ్ళ మీద గోధుమరంగు చారలు పడే జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మన దేశంలో వైద్యులు తొలిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఈ ప్రాంతాలన్నీ ఆనాడు ఆ జిల్లాలోవే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంటే తరాలుగా ఇక్కడి పిల్లలు నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు.

ఆ గోధుమరంగు చారలను చూసి చాలామంది మురికి అనుకుంటారు. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు పెట్టి రుద్దిస్తారు. సరిగ్గా తోముకోవని బిడ్డను తిడతారు. అమ్మా, ఇందులో బిడ్డ తప్పేమీ లేదు. ముందుపళ్ళ పైన ఉండే పింగాణి పొర, బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి నాలుగైదేళ్ళలోపే, చిగుళ్ళ కింద తయారవుతుంది. ఆ వయసులో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువ పోతే ఆ పొర సరిగ్గా గట్టిపడదు. ఏడో ఏట పన్ను బయటికి రావడమే మచ్చతో వస్తుంది. గరుకు పొడితో రుద్దితే మచ్చ పోదు, ఉన్న పింగాణి అరిగి చల్లనీళ్ళు తగిలినా జివ్వుమంటుంది. పెద్దయ్యాక మచ్చలు తగ్గించే చికిత్సలు ఉన్నాయి. అప్పటిదాకా బడిలో 'గారపళ్ళు' అని ఎవరైనా ఏడిపిస్తే టీచర్లు ఊరుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

కాబట్టి జాగ్రత్త బిడ్డ ఉయ్యాల్లో ఉన్నప్పుడే మొదలవ్వాలి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. మీ బోరులో ఎంతుందో రుచి చూసి చెప్పలేం. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేస్తారు, సచివాలయంలో అడగండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. "కాచి చల్లార్చే పడుతున్నాం సార్" అని ఎంతో మంది ధీమాగా ఉంటారు. కాచితే చచ్చేవి క్రిములు మాత్రమే. ఇంకొకటి, తాగడానికి బబుల్ డబ్బా నీళ్ళు కొంటారు, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్ళతో వండేస్తారు. అవీ కడుపులోకే పోతాయి కదా! ఇంట్లో మంచినీళ్ళు తక్కువుంటే మొదటి వాటా అయిదేళ్ళలోపు పిల్లలకివ్వండి, వాళ్ళ పాలపొడికి, జావకు, అన్నానికి. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు, వాటిలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. చిన్నపిల్లలకు టీ అలవాటు చెయ్యొద్దు. టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది, దానికి బోరు నీళ్ళు తోడవుతాయి.

ఇక పుచ్చు. ఇది నీళ్ళ మీద నెట్టలేం, పూర్తిగా మన చేతుల్లోది. పాలసీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే బిడ్డకు పై ముందుపళ్ళు మొదట దెబ్బతింటాయి. నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది, పాలలోని చక్కెర పళ్ళ చుట్టూ నిలుస్తుంది, క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. చిగురును ఆనుకొని తెల్లటి గీత కనబడితే అప్పుడే చూపించండి, నల్లబడేదాకా ఆగొద్దు. తీపి ఎంత తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. పండగనాడు ఒక మలై కాజా తిని నోరు పుక్కిలించిన బిడ్డకన్నా, అరగంటకో బిస్కెట్ నమిలే బిడ్డ పళ్ళు ముందు పిప్పి పడతాయి.

"పాలపళ్ళే కదా, ఊడిపోతాయిలే" అనొద్దు. దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ముందే తీసేస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, కొత్త పన్ను వంకరగా వస్తుంది. ఆరేళ్ళప్పుడు, ఏ పాలపన్నూ ఊడకుండానే, వరుస చివర ఒక పెద్ద పన్ను వస్తుంది. దాన్నీ పాలపన్నే అనుకొని వదిలేస్తున్నారు. అది జీవితాంతం నమలాల్సిన పన్ను.

పేస్టులోనూ ఫ్లోరైడ్ ఉంటుందన్న భయంతో దాన్నే మానేసిన ఇళ్ళున్నాయి. పేస్టు మింగకూడదు గానీ, తోముకొని ఉమ్మేస్తే అందులోని ఫ్లోరైడే పుచ్చు రాకుండా కాపాడుతుంది. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళలోపు బఠాణీ గింజంత చాలు. మీ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే, ఉమ్మడం రాని పిల్లలకు ఏ పేస్టు వాడాలో డాక్టర్ని అడిగి తీసుకోండి. ఏడెనిమిదేళ్ళ దాకా రాత్రిపూట బ్రష్ మీ చేతిలోనే ఉండాలి.

ఇప్పుడు పిల్లల్ని ఒక్కొక్కరినే వరండాలోకి, వెలుతురులోకి తీసుకురండి. పై పెదవి ఎత్తి ఎక్కడ చూడాలో, ఆ ఆరేళ్ళ పన్ను ఎక్కడుంటుందో మీకే చూపిస్తాను.