జవాబు కోసం బడంతా తిరిగిన పిల్లలు

సెలవు రోజైనా వచ్చిన లెక్కల ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

మన హైదరాబాద్ మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వరకు 27 స్టేషన్లు ఉన్నాయి. ఒక స్టేషన్ నుంచి తరువాతి స్టేషన్‌కు 2 నిమిషాలు పడుతుందనుకుంటే, ఆ చివర నుంచి ఈ చివరకు ఎంత సేపు? నా ఆరో తరగతి పిల్లల్లో ఎక్కువ మంది 54 అని రాశారు. గుణకారంలో ఒక్క పొరపాటూ లేదు. కానీ 27 స్టేషన్ల మధ్య ఉండేవి 26 దూరాలే, జవాబు 52. రోజూ ఆ రైలెక్కే పిల్లవాడు కూడా 54 అనే రాశాడు. అంకెలు కనబడగానే గుణించేశారు, ప్రశ్న చదవలేదు. మాటల్లో ఇచ్చే లెక్కల్లో, అంటే రాత సమస్యల్లో, మన పిల్లలు దెబ్బతింటున్నది ఇక్కడే.

"మళ్లీ చదువు" అని నేనంటే పిల్లవాడు ప్రశ్నను చూడడు, నా ముఖం చూస్తాడు. "తీసివేతా టీచర్? భాగహారమా?" అంటాడు. అందుకే వెతుకులాట మొదలుపెట్టాను: లెక్క చేసి, తమకు వచ్చిన జవాబు ఉన్న కార్డును పిల్లలే వెతుక్కునే ఆట.

పది కార్డులు చాలు. ప్రతి కార్డు మీద కింద ఒక రాత సమస్య, పైన వేరే సమస్యకు జవాబు. మొదటి కార్డులోని ప్రశ్నకు జవాబు రెండో కార్డు మీద, రెండోదానికి మూడో కార్డు మీద, పదోదానికి మళ్లీ మొదటి కార్డు మీద ఉంటుంది. ఇది గొలుసు కాబట్టి ఒక్కో జట్టు ఒక్కో చోట మొదలుపెట్టవచ్చు, తోపులాట ఉండదు. కార్డులను వరుసగా పెట్టకండి. వరండాలో ఒకటి, మంచినీళ్ల కుళాయి దగ్గర ఒకటి, వేపచెట్టుకు ఒకటి (చెట్టుకు మేకు కొట్టవద్దు, దారంతో కట్టండి). ఏ రెండు జవాబులూ ఒకటి కాకూడదు. జట్టుకు ముగ్గురే ఉండాలి.

54 రాసిన జట్టు బడంతా తిరిగింది. ఆ అంకె ఎక్కడా లేదు. వాళ్లు నా దగ్గరకు రాలేదు, మెట్ల మీద కూర్చుని ప్రశ్న మళ్లీ చదివారు. ఒక అమ్మాయి అరచేయి చాచి వేళ్ల మధ్య సందులు లెక్కపెట్టింది. ఐదు వేళ్లు, నాలుగు సందులు. "ఇరవై ఆరే!" అని అరిచింది. ఆ అరుపు కోసమే ఈ ఆట ఆడిస్తున్నాను.

54ను కూడా ఒక కార్డు మీద రాసి పరీక్షించవచ్చు కదా అని కొందరు మిత్రులు అడిగారు. వద్దు. తప్పు జవాబు దొరికితే పిల్లవాడు అదే ఒప్పనుకుని ముందుకు సాగిపోతాడు. దొరకకపోతేనే వెనక్కి వచ్చి చదువుతాడు. ముందుగా ముగించినవారికి బహుమతీ వద్దు. పందెం పెడితే లెక్క చేయడం మాని కార్డుల మీది అంకెలను ఊహించడం మొదలుపెడతారు. ప్రతి ప్రశ్నకూ నోటుపుస్తకంలో బొమ్మ గీయమనండి.

ఇంకొక మాట. మన నగరంలో ఒకే తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, ఉర్దూ మాట్లాడేవారు పక్కపక్కనే కూర్చుంటారు, ప్రశ్న మాత్రం తరచుగా ఇంగ్లిషులో ఉంటుంది. జట్టులో ఒకరికొకరు దాన్ని తమ మాటల్లో చెప్పుకోక తప్పదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యం అర్థమైతేనే అక్కడ లెక్క మొదలవుతుంది.

ఈ హాలు గోడలకు పది కార్డులు అంటించి ఉంచాను. ముగ్గురు ముగ్గురుగా లేవండి. కాగితం, పెన్ను మరచిపోకండి.