రోజుకో మిల్లీమీటరు

శ్రోతలకు నమస్కారం.

చాలా ఏళ్లపాటు నా ప్యాంట్లన్నీ ఒకే దర్జీ కుట్టాడు. కొలతలు తీసుకునేటప్పుడు పుస్తకంలో ఎడమ కాలికి ఒక అంకె, కుడి కాలికి ఇంకో అంకె రాసుకునేవాడు. కుడి కాలు 4 సెంటీమీటర్లు తక్కువ. మొదటిసారి టేపు రెండుసార్లు పట్టి చూశాడు, నా మొహంలోకి ఒకసారి చూశాడు, ఏమీ అడక్కుండా రాసుకున్నాడు. ఎక్కువైన బట్ట కత్తిరించేవాడు కాదు, లోపలికి మడిచి కుట్టేవాడు. ఎందుకలా అని నేనూ అడగలేదు. ఇవాళ మాట్లాడబోయేది ఆ 4 సెంటీమీటర్ల గురించే.

రెండు కాళ్లూ అచ్చు సమానంగా ఉండేవాళ్లు నిజానికి తక్కువ. అర సెంటీమీటరో, సెంటీమీటరో తేడా చాలామందికి ఉంటుంది. ఆ సంగతి వాళ్లకే తెలియదు, నడుము సర్దేసుకుంటుంది. సుమారు 2 సెంటీమీటర్లు దాటాక మాత్రం ఆ సర్దుబాటుకు వెల కట్టాల్సి వస్తుంది. పొట్టి కాలి వైపు మునివేళ్ల మీద నడవడం, పొడుగు కాలి మోకాలు వంచి నిలబడటం, సాయంత్రమయ్యేసరికి నడుంనొప్పి. కొందరికి పుట్టుకతోనే ఎముక పొట్టిగా ఉంటుంది. పోలియో వల్ల, చిన్నప్పుడు ఎముకకో కీలుకో చీము పట్టడం వల్ల, విరిగిన ఎముక వంకరగా అతకడం వల్ల కూడా వస్తుంది.

నా కథ ఒక సైకిల్ మీంచి మొదలైంది. తొమ్మిదో ఏట పడ్డాను. మోకాలి కింద ఎముక విరిగింది, కట్టు కట్టారు, అతికింది. అందరం మర్చిపోయాం. మర్చిపోకూడనిది ఒకటుంది. పిల్లల ఎముకల చివర్లలో మెత్తటి పొర ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. గ్రోత్ ప్లేట్ అంటారు. దెబ్బ నాకు సరిగ్గా ఆ పొరకే తగిలింది. మోకాలి కింద ఉండే ఆ ఒక్క పొర ఏడాదికి దాదాపు 6 మిల్లీమీటర్లు పెంచుతుంది. అబ్బాయిల్లో ఈ ఎదుగుదల పదహారేళ్ల దగ్గర ఆగుతుంది. తొమ్మిది నుంచి పదహారు, అంటే ఏడేళ్లు. ఏడు ఆర్లు నలభై రెండు. నా 4 సెంటీమీటర్ల లెక్క తేలింది కదా!

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ఎదిగే వయసులో ఈ తేడాను పసిగడితే, పొడుగు కాలి పెరుగుదలను సరైన సమయంలో చిన్న ఆపరేషన్‌తో ఆపి, రెండో కాలు అందుకునేలా చేయవచ్చు. నెలల తరబడి మంచం పట్టాల్సిన పని లేదు. నా విషయంలో ఎవరూ కొలవలేదు. "సరిగ్గా నడవరా, ఏమిటా బద్ధకం నడక" అనేవారు ఇంట్లో. నేనూ అది బద్ధకమే అనుకున్నాను.

ఇరవై ఏడో ఏట నడుంనొప్పి భరించలేక ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన టేపు తీయలేదు. కుడి పాదం కింద చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, వెనక నిలబడి నా తుంటి రెండు వైపులా చేతులు ఆనించి చూస్తున్నాడు. "ఇప్పుడెలా ఉంది?" నాలుగు ముక్కలయ్యాక తుంటి సమమైందన్నాడు. నాకు మాత్రం ఎడమ వైపుకు ఒరిగిపోతున్నట్టు అనిపించింది. పద్దెనిమిదేళ్లు వంకరగా నిలబడ్డ మనిషికి నిటారే వంకరగా తోస్తుంది. అప్పుడది నవ్వులాటగా అనిపించింది. తర్వాత ఏడాది పాటు నన్ను సతాయించింది అదే.

మార్గాలు చెప్పాడు. చెప్పు కింద ఎత్తు వేసుకోవడం అన్నిటికన్నా తేలిక. అయితే చెప్పు విప్పగానే ఆ ఎత్తు పోతుంది. స్నానాల గదిలో, రాత్రి నిద్రలో లేచినప్పుడు పాత కుంటే. రెండోది, పొడుగు కాలి ఎముకలో కొంత ముక్క తీసేసి పొట్టి చేయడం. మూడోది పొట్టి కాలిని సాగదీయడం. మామూలుగా 5 సెంటీమీటర్లు దాటిన తేడాకు సాగదీత చెబుతారు, నాది ఆ హద్దుకు దగ్గర్లో ఉంది. బాగున్న కాలిని కోయించుకోవడానికి మనసొప్పలేదు. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఎముకను సాగదీయడమేమిటని మీకు అనిపించవచ్చు. అదేం రబ్బరు కాదు కదా. 1905లోనే ఇటలీలో కోడివిల్లా అనే డాక్టర్ కాలు పొడిగించిన తీరును ప్రకటించాడు. అయితే ఆ రోజుల్లో ఎక్కువగా బలం మీద లాగడమే, చాలామందికి నరాలు, కండరాలు దెబ్బతిన్నాయి. దారి దొరికింది సైబీరియాలో. కుర్గాన్ అనే ఊళ్లో గావ్రీల్ ఇలిజరోవ్ అనే సోవియట్ డాక్టర్ 1950ల మొదట్లో ఒక చట్రం తయారుచేశాడు. కాలి చుట్టూ రింగులు, వాటి మధ్య ఎముకను దూసుకుపోయేలా బిగించిన సన్నని తీగలు, రింగుకూ రింగుకూ మధ్య మరలున్న కడ్డీలు. అచ్చం సైకిల్ చక్రం చువ్వల్లా ఉంటుంది. విరిగిన ముక్కలను దగ్గరికి నొక్కి అతికించడం దాని పని. ఒక రోగి పొరపాటున నట్లను తిరగేసి తిప్పాడని, ముక్కలు దూరం జరిగాయని, ఎక్స్‌రేలో చూస్తే ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతోందని ఒక కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా సూత్రం మాత్రం నిజం. ఎముకను జాగ్రత్తగా తెగ్గొట్టి, రెండు కొసలనూ చాలా నెమ్మదిగా దూరం జరిపితే, శరీరం మధ్యలో ఎముకను నింపుకుంటూ వస్తుంది.

1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచిన వాలెరీ బ్రూమెల్‌కు మరుసటి ఏడాదే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయింది. ఎన్నో ఆపరేషన్ల తర్వాత ఇలిజరోవ్ దగ్గరికి చేరాడు, మళ్లీ 2 మీటర్ల పైన దూకాడు. అయినా ఈ పద్ధతి చాలాకాలం సోవియట్ దేశం దాటలేదు. 1980లో కార్లో మౌరీ అనే ఇటలీ పర్వతారోహకుడు ఏళ్ల తరబడి బాధపెట్టిన కాలితో కుర్గాన్ వెళ్లి బాగై వచ్చాకే పశ్చిమ దేశాల డాక్టర్లు కళ్లు తెరిచారు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, మత్తులో ఉన్నాను కాబట్టి. మెలకువ వచ్చేసరికి మోకాలి నుంచి చీలమండ దాకా మూడు రింగులు. దుప్పటి కప్పితే కింద బోనులో పిల్లి పడుకున్నట్టుంది. వారం రోజులు ఏమీ తిప్పొద్దన్నారు, కోసిన చోట శరీరం పని మొదలుపెట్టడానికి ఆ గడువు కావాలట.

ఎనిమిదో రోజు డాక్టర్ ఒక చిన్న పానా చేతిలో పెట్టాడు. నాలుగు కడ్డీలు, ఒక్కోదానికి ఒక నట్టు. పావు చుట్టు తిప్పితే పావు మిల్లీమీటరు. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు, మొత్తం ఒక మిల్లీమీటరు. తొందరపడితే మధ్యలో ఎముక పుట్టదు, నరాలు ఓర్చుకోవు. మరీ ఆలస్యం చేస్తే కోసిన చోటు ముందే అతుక్కుపోతుంది, మళ్లీ ఆపరేషనే. ఎటు తిప్పాలో పొరపాటు పడకుండా అక్క ప్రతి నట్టు మీద ఎర్ర నెయిల్‌పాలిష్‌తో చుక్క పెట్టింది. చుక్క ఒక మూల నుంచి పక్క మూలకు రావాలి. ఒక నోటుబుక్కులో తేదీ, టైము, టిక్కు. అర్ధరాత్రి నిద్రమొహంతో వచ్చి "ఏరా, ఇది మూడోదా, నాలుగోదా?" అనేది. పుస్తకం చూడకుండా నేను ఒక్కసారీ చెప్పలేకపోయాను.

తిప్పేటప్పుడు పెద్దగా నొప్పి ఉండదు. నమ్మరు కానీ నిజం. నొప్పి ఒక గంట తర్వాత వస్తుంది, పిక్క లోపల ఎవరో తాడు మెలిపెడుతున్నట్టు. ఎముక నట్టు మాట వింటుంది, కండరం వినదు. పిక్క కండరం వెనకబడేకొద్దీ మడమ పైకి లేచి, పాదం నేలచూపులు చూడటం మొదలుపెడుతుంది. దాన్ని వదిలేస్తే కాలు పొడుగైనా పాదం నేల మీద ఆనదు. అందుకని పాదానికి తువ్వాలు తగిలించి రెండు చేతులతో వెనక్కి లాగడం, ముప్పై అంకెలు లెక్కపెట్టడం, వదలడం, మళ్లీ లాగడం. రోజుకు అయిదారు విడతలు. ఫిజియోథెరపిస్టు వచ్చే అడుగుల చప్పుడు వినిపిస్తేనే నాకు టెన్షన్ వచ్చేది. ఎవరైనా ఈ ఆపరేషన్ గురించి అడిగితే నేను ముందు సర్జన్ గురించి అడగమని చెప్పను. రోజూ వచ్చే ఫిజియోథెరపిస్టు ఉన్నారా, రాత్రి టైముకు లేచి నట్టు తిప్పే మనిషి ఉన్నారా అని చూసుకోమంటాను.

ఇరవయ్యో రోజు దాటాక పాదం పైభాగంలో, బొటనవేలి దగ్గర తిమ్మిరి మొదలైంది. అక్క ఆస్పత్రికి ఫోన్ చేసింది. "బొటనవేలు పైకి లేపగలుగుతున్నాడా?" అని అడిగారు. లేపగలిగాను. నరం సాగడం తట్టుకోలేకపోతోంది, రోజుకు మూడు విడతలే తిప్పండి అన్నారు. అలా 40 రోజుల్లో అవ్వాల్సింది 47 రోజులైంది. తిమ్మిరి మెల్లగా తగ్గింది. ఆ ఫోన్ వాయిదా వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు. తిమ్మిరి, వేలు లేవకపోవడం లాంటివి పొద్దున చెబుదాంలే అనుకునే సంగతులు కావు.

ఇక తీగలు చర్మంలోకి దిగిన చోట్లు. రోజూ శుభ్రం చేయాలి, పొక్కు కడుతుంది, దాన్ని మళ్లీ తీయాలి. దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ చీము పడుతుంది. నాకు రెండుసార్లు పట్టింది, మాత్రలతో పోయింది. నిద్ర మాత్రం మాత్రలతో కూడా రాలేదు. పక్కకు తిరిగి పడుకోవడం ఎంత పెద్ద భోగమో ఏడు నెలలు ఆలోచించాను.

నట్టు తిప్పడం అయిపోయిన రోజు ఇంట్లో పండగ చేసుకున్నాం, తెలివితక్కువగా. అసలు నిరీక్షణ అప్పుడే మొదలైంది. పొడుగైతే వచ్చింది కానీ ఆ 4 సెంటీమీటర్ల నిడివిలో ఉన్నది ఇంకా ఎముక కాదు. మొదటి ఎక్స్‌రేల్లో అక్కడ ఖాళీయే. తర్వాత పల్చటి మబ్బు, ఆపైన మబ్బులోంచి వాన చారల్లాంటి నిలువు గీతలు. గీతలు చిక్కబడి, ముందు నుంచీ పక్క నుంచీ తీసిన రెండు ఎక్స్‌రేల్లో కలిపి కనిపించే నాలుగు అంచుల్లో కనీసం మూడు గట్టిపడితే గానీ రింగులు తీయరు. పెద్దవాళ్లలో సెంటీమీటరుకు నెలన్నర, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. పొగ తాగేవాళ్లకు మరీ ఆలస్యం. ఈ దశలో చేయాల్సిందల్లా చంకకర్రలతో కాలి మీద బరువు మోపుతూ నడవడం. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది. అదంతా తెలిసినా, గాజు మీద అడుగేస్తున్నట్టే ఉండేది. నెలకోసారి ఎక్స్‌రే, నెలకోసారి "ఇంకొంచెం". నేను మనుషులతో మాట్లాడటం తగ్గించింది ఆ నెలల్లోనే. నొప్పి ఎక్కువున్న రోజుల్లో అందరూ చుట్టూ ఉన్నారు. ఏమీ జరగని నెలల్లో ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు, తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు రింగులు లేకుండా ఎముక లోపలే పెట్టే కడ్డీలూ ఉన్నాయి. కడ్డీలో అయస్కాంతం ఉంటుంది. బయట నుంచి ఒక యంత్రాన్ని కాలి మీద ఆనిస్తే లోపలి అయస్కాంతం తిరిగి కడ్డీ సాగుతుంది. చీము బెడద బాగా తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అయితే ఎముక గట్టిపడేదాకా కాలి మీద పూర్తి బరువు వేయనివ్వరు, ఎదిగే పిల్లలకు అది అన్నివేళలా కుదరదు. పద్ధతి మారినా మిల్లీమీటరు మారలేదు. కాళ్లు సమానంగానే ఉండి, పొడుగు కనిపించాలని మాత్రమే దీనికి సిద్ధపడేవాళ్లు కూడా ఉన్నారు. నన్నడిగితే వద్దంటాను. అడగరు, అది వేరే సంగతి.

ఏడో నెల చివర్లో రింగులు తీశారు. కాలు గాలిలోకి లేచిపోతుందేమోనన్నంత తేలికైంది. పిక్క నా మణికట్టులా ఉంది, చర్మం పొట్టు రాలుతోంది, తీగలున్న చోటల్లా గుంటలు. కొత్త ఎముక విరిగే ప్రమాదం అప్పుడే ఎక్కువని ఇంకో ఆరు వారాలు పట్టీ వేశారు. అదీ తీసేశాక డాక్టర్ ఎక్స్‌రే చూపించి "సమానం" అన్నాడు. లేచి నడిచాను. కుంటుతున్నాను.

సమానమైన కాళ్లతో కుంటడం! శరీరానికి పాత లెక్కే గుర్తుంది. కుడి కాలు పొడుగైపోయిందనిపించేది, మెట్లెక్కితే కుడి బొటనవేలు అంచుకు తగిలేది. ఫిజియోథెరపిస్టు నన్ను నిలువుటద్దం ముందు నడిపించేది. "భుజం చూడండి, కాలు కాదు" అనేది. నెలల తరబడి భుజం చూశాను. ఏడాది దాటాక ఒకరోజు ఫోన్ మాట్లాడుతూ నడుస్తుంటే, అక్క వెనక నుంచి చూసి ఏమీ అనకుండా లోపలికెళ్లింది. ఆ సాయంత్రం చెప్పింది, భుజం ఊగలేదని.

పాత ప్యాంటు ఒకటి వేసుకుంటే కుడి చీలమండ బయటికి కనిపించింది. దర్జీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఏమీ అడగలేదు. బ్లేడుతో కుట్టు విప్పి, లోపలి మడత కిందికి దింపి, ఇస్త్రీ పెట్టె ఆనించాడు. ఇన్నేళ్లు లోపల దాగిన బట్ట కొత్త రంగులోనే ఉంది. మడత గీత మాత్రం రెండుసార్లు ఇస్త్రీ చేసినా పోలేదు. "ఉతగ్గా ఉతగ్గా పోతుందిలే బాబూ" అన్నాడు, పుస్తకం తీసి కుడి వైపు అంకె కొట్టేస్తూ.