చివరి కుర్చీకి మైకు

అధ్యక్షులకు, నీటిపారుదల ఇంజనీర్లందరికీ నమస్కారం. వేదిక మీది పేర్లన్నీ మళ్లీ చదవను. నాకు ముందు ముగ్గురు చదివారు, ఒకే పేరును మూడు రకాలుగా పలికారు.

రేపటి చర్చాగోష్ఠులు నడపబోయేవారికి మెలకువలు చెప్పమన్నారు. అంతకుముందు నా తప్పొకటి చెప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట ఇలాంటి సదస్సులోనే, చివరి ఆయకట్టుకు నీరెందుకు అందడం లేదన్న చర్చకు నేను సమన్వయకర్తను. నలుగురు వక్తలు, 75 నిమిషాలు. మొదటి కుర్చీలో విశ్రాంత చీఫ్ ఇంజనీరు. చివరి కుర్చీలో ఒక లష్కరు. ఏళ్ల తరబడి, ప్రధాన కాలువ నుంచి చీలిన ఒకే మేజరు కాలువ మీద షట్టర్లు ఎత్తి దించిన మనిషి. గేజ్ రీడింగులు, అంటే కాలువలో నీటిమట్టం కొలతలు, రాసుకున్న పుస్తకం పట్టుకుని తెల్లవారుజాము బస్సులో వచ్చారు.

పెద్దాయన 1847 నుంచి ఎత్తుకున్నారు. కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలుపెట్టారు. అది 1852లో పూర్తయ్యేసరికి పది నిమిషాలు. నేను గడియారం చూశాను, ఆయన చూడలేదు. 20 నిమిషాలకు 1955, నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేస్తున్నారు. నేను దగ్గాను. ఆయన మంచినీళ్ల సీసా నా వైపు జరిపి కొనసాగించారు. ఒకప్పుడు నా పై అధికారి, ఎలా ఆపను?

సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టం, దాని కింద వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు, ఇవి మిగతా ఇద్దరి వంతు. లష్కరు దగ్గరికి వచ్చేసరికి అయిదు నిమిషాలు మిగిలాయి, బయట భోజనాల వాసన. "మీరు కూడా రెండు మాటలు" అన్నాను. ఆ 'కూడా' ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "పెద్దలంతా చెప్పారు కదండీ" అంటూ ఆయన పుస్తకం తెరవకుండానే సంచిలో పెట్టుకున్నారు. మేమంతా వెతుకుతున్న సమాధానం ఆ సంచిలోనే ఇంటికి వెళ్లిపోయింది.

ఎగువ రైతు తూము వెడల్పు చేసుకుంటే నోటీసు ఇస్తాం. ఎగువ కుర్చీ సమయమంతా తోడుకుంటే మాత్రం మర్యాద అంటాం. మీరే చెప్పండి, ఇదేం మర్యాద? మైకు కూడా షట్టరే. దించడం చేతకాకపోతే ఆ కుర్చీలో కూర్చోకండి.

మెలకువలంటారా, పరిచయం ఒక్కొక్కరికి ఒక్క వాక్యం చాలు. ముందురోజే ఫోను చేసి, వారి దగ్గర మాత్రమే ఉన్న సంగతేదో కనుక్కోండి. పూర్తిగా చెప్పించుకోకండి, వేదిక మీద చప్పబడుతుంది. ప్రశ్న పేరు పెట్టి అడగండి. ఎవరైనా చెప్పవచ్చు అంటే ఎప్పుడూ ఆ ఒక్కరే చెబుతారు. వక్త ఊపిరి తీసుకునే చోట ఆయన మాటనే అందుకుని పక్కకు మళ్లించండి: "సాగర్ నీళ్లు వదిలారు సరే, మీ మేజరు చివర గేజ్ ఎంత చూపించింది?" మొదటి ప్రశ్నే చివరి కుర్చీకి వేస్తే మరీ మంచిది. వంతుల వారీగా నీరిచ్చేటప్పుడు చివరి భూములను ముందు తడిపే పద్ధతి మనకు కొత్త కాదు. సభికులకు 20 నిమిషాలు వదలండి, ఎవరు అడ్డుపడ్డా.

అదిగో, నాకూ చీటీ వచ్చింది. వెనక వరుసలో నీలం చొక్కా ఆయన చెయ్యెత్తి చాలాసేపయింది. మైకు అటు పంపండి.