గండిపేటకు నీళ్లెక్కడివి? హద్దు మనమే గీద్దాం

నమస్కారమండి. స్క్రీన్ మీద ఉన్నది గండిపేట, అదే ఉస్మాన్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత కట్టడం మొదలుపెట్టి 1920లో పూర్తి చేశారు. చెరువు బాగోగులనగానే అందరం గట్టు దగ్గరే ఆగిపోతాం. నాకైతే ఎగువ నేల మీదే బెంగ. ఎక్కడ పడిన చినుకు ఇక్కడికి చేరుతుందో ఆ హద్దు గీద్దాం.

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ తెరవండి, ఉచితమే. నేల ఎత్తుల కోసం ఎస్‌ఆర్‌టీఎం, అంటే అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన డేటా దించుకోండి. ఇందులో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు.

ఇక్కడ జాగ్రత్త. చెరువు 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉంది, మూసీ పుట్టే అనంతగిరి కొండలేమో పడమటన. ఈ డేటా ఒక్కో డిగ్రీకి ఒక్కో ముక్కగా, అంటే టైల్‌గా వస్తుంది. అందుకే రెండు టైల్స్ కావాలి. మొదటిసారి నేను ఒక్కటే దించాను. పడమటి హద్దు స్కేలు పెట్టి కోసినట్టు నిలువుగా వచ్చింది. కొండ అలా ఉండదు కదా!

రెండూ 'మెర్జ్' చేసి, అంటే ఒకటిగా కలిపి, క్యూజీఐఎస్‌లోని గ్రాస్ టూల్స్‌లో 'ఆర్.వాటర్‌షెడ్' నడపండి. నీటి దారులు, అవి పారే దిక్కు రెండూ వస్తాయి. దారుల పొరలో మైనస్ అంకెలుంటే, అక్కడికి మ్యాప్ బయటి నుంచి కూడా నీరు వస్తుండొచ్చని అర్థం. నా తప్పు ఆ అంకెలే పట్టించాయి.

ఇప్పుడు 'ఆర్.వాటర్.అవుట్‌లెట్'. మనం క్లిక్ చేసిన చోటికి నీరు చేరే నేలంతా ఇది గీస్తుంది. ఆనకట్ట దగ్గర బాగా జూమ్ చేసి, సరిగ్గా వాగు గీత మీదే క్లిక్ చేయండి. ఒక్క గడి పక్కకు పోయినా ఇదిగో, ఇంత చిన్న ముక్కే వస్తుంది. గీత మీద పెడితే... చూశారా, హద్దు అనంతగిరి దాకా పాకింది!

దీని కింద నవంబరు నెల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం, మబ్బు లేనిది, వేయండి. అందులోని కాంతి పొరల్లో, అంటే బ్యాండ్లలో, 8, 4, 3 ఎంచుకోండి. పచ్చదనం ఎర్రగా, నీరు నల్లగా కనిపిస్తాయి. ఈ నల్ల చుక్కలన్నీ కుంటలు, చెరువులు. ఈ ఎర్ర మచ్చ మాత్రం పొలం కాదు, గుర్రపుడెక్క కమ్మిన కుంట. పైనుంచి చూస్తే దీన్ని చేనుగానే లెక్కేస్తాం.

ఎస్‌ఆర్‌టీఎం కొలతలు 2000 ఫిబ్రవరి నాటివి. తర్వాత వేసిన రోడ్లు, పూడ్చిన వాగులు అందులో ఉండవు. అందుకే అనుమానమున్న చోట్లకు పిన్నులు పెట్టి ఫోన్‌లోకి ఎక్కించుకోండి. వాన పడ్డ మర్నాడు వెళ్లి, నీళ్లు ఎటు పోతున్నాయో అక్కడి రైతును అడగండి.