రోమ్ నుంచి ఒక్కరోజులో మూడు సరస్సులు (అనుకున్నాం)

అబ్బాయి: రికార్డింగ్ ఆన్. అందరికీ నమస్కారం. రోమ్‌లో దిగినవాళ్లు పొద్దున్నే రైలెక్కి, చీకటి పడేలోపు వెనక్కి రాగలిగే మూడు సరస్సుల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. బ్రాచానో, కాస్టెల్ గండోల్ఫో, నెమి. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు. పిన్నీ, గడియారం ఎదురుగా పెట్టుకున్నావా?

పిన్ని: పెట్టుకున్నాను. గొడుగు కూడా పెట్టుకున్నాను.

అబ్బాయి: గొడుగు మాట ఎత్తనని ఒట్టేశావు.

పిన్ని: ఎత్తలేదురా, పక్కన పెట్టాను. కానీయ్.

అబ్బాయి: ముందు బ్రాచానో. ఓస్తియెన్సే స్టేషన్‌లో ఎక్కితే గంటకి అటూ ఇటూగా దింపేస్తుంది. ఊరి నెత్తిన కోట, 15వ శతాబ్దంలో ఓర్సీనీ కుటుంబం కట్టించింది. తర్వాత ఒదెస్కాల్కి వాళ్ల చేతికొచ్చింది. 2006లో టామ్ క్రూజ్ పెళ్లి అక్కడే అయింది.

పిన్ని: గదుల నిండా కవచాలు, కత్తులు ఉంటే వచ్చినవాళ్లంతా పెళ్లి ఎక్కడ జరిగిందనే అడుగుతున్నారు.

అబ్బాయి: నువ్వూ అడిగావు.

పిన్ని: భోజనాలు ఎక్కడ పెట్టారని అడిగాను. అది వేరు.

అబ్బాయి: పక్కనే అంగ్విల్లారా అని ఇంకో ఊరుంది. అక్కడ నీళ్ల అడుగున 7,000 ఏళ్లకు పైబడిన ఊరొకటి బయటపడింది, లా మార్మొత్తా అంటారు. మాను తొలిచి చేసిన పడవలు దొరికాయి. తర్వాతి కాలంలో, 109లో, ట్రాజన్ చక్రవర్తి ఈ సరస్సు దగ్గరి ఊటల నుంచి రోమ్‌కి నీళ్లు తీసుకెళ్లాడు…

పిన్ని: కాలువ కట్టా, సొరంగమా?

అబ్బాయి: రెండూ. బ్రాచానో అయిపోయింది.

పిన్ని: పదిహేను నిమిషాలన్నావు!

అబ్బాయి: మిగిలిన టైమంతా నువ్వు నెమి దగ్గర తినేస్తావని తెలుసు. పద, కాస్టెల్ గండోల్ఫో. రోమ్ పెద్ద స్టేషన్ తెర్మినీలో అల్బానో లైను రైలెక్కాలి, సింగిల్ ట్రాకు, చిన్న బండి. దిగాక ఊళ్లోకి ఎక్కుడే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెల్లగా ఎక్కండి. పైకెళ్లాక సరస్సు మొత్తం ఒక్కసారి కనబడుతుంది. పాత అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిండాయి, 170 మీటర్ల లోతు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పడవ పందేలు ఇక్కడే పెట్టారు. పోప్‌ల వేసవి భవనం ఇక్కడే, 2016 నుంచి మ్యూజియంగా తెరిచారు. తోటల వైపు వెళ్తే డొమిషియన్ చక్రవర్తి విల్లా శిథిలాలు…

పిన్ని: తూము సంగతి చెప్పు.

అబ్బాయి: ఇదిగో, మొదలు.

పిన్ని: మొదలేంట్రా, ఆ ఊళ్లో అసలు చూడాల్సింది అదే. వినేవాళ్లకి చెప్తాను. రోమన్లు వెయీ అనే పట్టణాన్ని ఏళ్ల తరబడి ముట్టడించి కూర్చున్నారు. ఊరు లొంగలేదు. ఆ టైములో వానల్లేకుండానే ఈ అల్బానో చెరువు పొంగింది. భయపడి దైవవాక్కు అడగడానికి గ్రీసులోని డెల్ఫీ గుడికి మనుషుల్ని పంపారు. దైవవాక్కు ఏం వచ్చిందో తెలుసా? నీళ్లు చెరువులో ఉంచొద్దు, తనంతట తాను సముద్రంలోకి పోనివ్వొద్దు, పొలాలకి పారించండి, అప్పుడు ఊరు పడుతుంది. ఇది రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన కథ. దేవుడు కూడా ఇరిగేషన్ డిపార్టుమెంటు మాటే మాట్లాడాడు!

అబ్బాయి: పిన్ని రిటైరై ఇన్నేళ్లయినా…

పిన్ని: అప్పుడు నీళ్లు బయటికి పోవడానికి కొండ తొలిచి తూము చేశారు. సుమారు 1,400 మీటర్లు. మనిషి పట్టేంత వెడల్పు, ఉలితో చెక్కినదే. క్రీస్తుపూర్వం 396లో వెయీ పడింది. కథ నమ్ము, నమ్మకపో, తూము మాత్రం ఉంది.

అబ్బాయి: ఉంది, మనం వెళ్లినప్పుడు తాళం కూడా ఉంది. కమ్మీలు పట్టుకుని లోపలికి టార్చి వేస్తూ నిలబడింది పిన్ని. నా వెనక ఆకలి, ముందు పిన్ని.

పిన్ని: ముందే ఫోన్ చేసి కనుక్కోమన్నాను. నువ్వు కనుక్కోలేదు.

అబ్బాయి: చేశాను, ఎత్తలేదు. సరే, నెమి. జెన్జానో దాకా వెళ్లి అక్కణ్నుంచి బస్సు. ఊరు బుల్లిది, కింద సరస్సు ఇంకా బుల్లిది. అడవి స్ట్రాబెర్రీలకి పేరు, జూన్ మొదట్లో పండగ చేస్తారు. ఒడ్డున డయానా దేవత గుడి. ఆ గుడి పూజారి కథ వింటే మన ఆఫీసు రాజకీయాలు నయమనిపిస్తాయి. పారిపోయి వచ్చిన బానిస అక్కడి చెట్టు కొమ్మ విరిచి, ఉన్న పూజారితో తలపడి చంపితే కొత్త పూజారి అవుతాడు. తననీ ఇంకెవడో వచ్చి చంపేదాకా కత్తి పట్టుకుని తిరుగుతుండాలి.

పిన్ని: నిద్రెలా పడుతుందిరా అతనికి.

అబ్బాయి: కాలిగులా చక్రవర్తి ఏం చేశాడంటే, ఒక పూజారి చాలా ఏళ్లుగా కుర్చీలో ఉన్నాడని గిట్టక, అంతకంటే బలమైనవాణ్ని ఎగదోశాడట. రోమన్ రచయిత స్వెటోనియస్ రాశాడు. ఇదే కాలిగులా ఈ బుల్లి సరస్సులో 70 మీటర్లకు పైబడిన ఓడలు రెండు కట్టించాడు. ఎక్కడికీ వెళ్లడానికి దారి లేని నీళ్లలో! పాలరాయి నేల, కంచు తోడేలు తలలు, సింహం తలలు. అతన్ని 41లో చంపేశారు, ఓడలు మునిగిపోయాయి. 1928లో ముసోలినీ ప్రభుత్వం సరస్సు నీళ్లు తోడించి…

పిన్ని: ఎలా తోడించిందో చెప్పు.

అబ్బాయి: పంపులు పెట్టి.

పిన్ని: పంపులు పెట్టి ఎక్కడికి పంపారు? నెమికీ రోమన్ల తూము ఉంది, 1,600 మీటర్ల పైన. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి లోపల కలిశారు. దాన్నే శుభ్రం చేసి, అందులోంచే నీళ్లు పంపారు. రెండు వేల ఏళ్లనాటి తూము, కొత్త పంపులు! 20 మీటర్లకు పైగా మట్టం దించారు.

అబ్బాయి: దించారు. నేనంటున్నది, దించకుండా ఉండాల్సింది.

పిన్ని: మళ్లీ మొదలెట్టావా.

అబ్బాయి: అవును పిన్నీ. బురదలో పందొమ్మిది వందల ఏళ్లు చెక్కుచెదరలేదు ఆ ఓడలు. బయటికి తీసి మ్యూజియం కట్టి అందులో పెట్టారు. 1944 మే 31 రాత్రి మొత్తం కాలిపోయాయి. ఇంకో నాలుగు రోజులకి రోమ్ అమెరికా సైన్యం చేతికొచ్చింది. నీళ్లలోనే ఉంటే కాలేవా?

పిన్ని: కాల్చింది నీళ్లు తోడినవాళ్లా?

అబ్బాయి: కాల్చింది ఎవరన్నదే గొడవ. జర్మన్ ఫిరంగి దళం మ్యూజియం దగ్గరే మకాం వేసింది, అటు నుంచి అమెరికా గుండ్లు పడుతున్నాయి. ఇటలీ విచారణ కమిటీ జర్మన్ల పనే అయ్యుంటుందంది. గుండ్ల వల్లే అంటుకుందన్నవాళ్లూ ఉన్నారు. ఎవరైతేనేం, ఒక నియంత తన గొప్ప కోసం సరస్సు ఎండగట్టాడు. పురాతత్వం మీద ప్రేమ కాదది.

పిన్ని: ఆయన గొప్ప సంగతి పక్కన పెట్టు. నీళ్లలో ఉంటే భద్రంగా ఉండేవని నీకెవరు చెప్పారు? 1446లోనే అల్బెర్తీ అనే వాస్తుశిల్పి జెనోవా నుంచి ఈతగాళ్లని రప్పించి, పీపాల మీద తెప్ప తేల్చి, కొక్కేలేసి లాగించాడు. ఓడ రాలేదు, ముక్కలొచ్చాయి. 1895లో ఇంకొకాయన దిగి కంచు బొమ్మలు ఊడదీశాడు. నువ్వు వదిలేసినా లోకం వదిలేయదురా.

అబ్బాయి: అది… సరే, అది నిజమే. అయినా ఆపాల్సింది ఈతగాళ్లని. సరస్సు ఎండబెట్టడం దేనికి?

పిన్ని: తీయకపోతే ఓడల్లో ఏముందో మనకెలా తెలిసేది? తిరిగే వేదిక కింద కంచు గుండ్లు, ఇప్పుడు బండి చక్రాల్లో బేరింగులున్నట్టు. కాలిగులా పేరు ముద్రేసిన సీసపు గొట్టాలు. ఇప్పటి వాటిలా కర్ర కదిలే ఇనుప లంగరు. మనవాళ్లం ఆధునికం అనుకున్నవి మొదటి శతాబ్దంలోనే ఉన్నాయని అక్కడే తెలిసింది.

అబ్బాయి: తెలిసింది, కాలింది.

పిన్ని: కాలాయి. కానీ కొలతలు కాల్లేదు. గ్విదో ఉచెల్లి అని ఇంజనీరు, పంపుల కంపెనీ ఆయనది. ఆ తోడే పనికి పంపులిచ్చింది ఆయనే. నీళ్లు తోడి ఊరుకోలేదు. ప్రతి మేకూ, ప్రతి పలకా కొలిపించి, బొమ్మలు గీయించి 1940లో అచ్చేశాడు. నువ్వు మ్యూజియంలో చూసిన అయిదో వంతు నమూనాలు ఆ కొలతల పుణ్యమే. ఒక పంపుల ఆయన!

అబ్బాయి: నీ కళ్లు చూస్తుంటే ఆయన ఫోటో పూజగదిలో పెట్టేలా ఉన్నావు.

పిన్ని: నవ్వు, నవ్వు. నేను సర్వీసులో ఉండగా డెల్టాలో ఒక పాత లాకు తలుపులు మార్చారు. బ్రిటిష్ వాళ్ల నాటి ఇనుము, రివెట్లు చూస్తే చెయ్యి పెట్టాలనిపించేది. నేను సెలవులో ఉన్నాను. వచ్చేసరికి కట్ చేసి పాత ఇనుముకి అమ్మేశారు. డ్రాయింగ్ లేదు, ఫోటో లేదు. అడిగితే “ఏం చేసుకుంటారు మేడం” అన్నారు. (కాసేపు మాటల్లేవు)

అబ్బాయి: ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదే.

పిన్ని: ఎవరడిగారు? ముందుకు పద.

అబ్బాయి: కాఫీ టేబుల్ చెప్పనా?

పిన్ని: చెప్పు. అది నాకూ ఇష్టం.

అబ్బాయి: ఓడ నేలలోని రాతి పలక ఒకటి, ఆకుపచ్చ, ఊదారంగు రాళ్లు, మధ్యలో తెల్ల పాలరాయి, న్యూయార్క్‌లో ఒకరింట్లో దశాబ్దాల పాటు కాఫీ టేబుల్‌గా ఉంది. ఒక పాలరాతి నిపుణుడు గుర్తుపట్టాడు. 2017లో వెనక్కి తెచ్చారు, 2021 నుంచి నెమి మ్యూజియంలో ఉంది. దగ్గరికెళ్లి చూస్తే రాళ్ల మధ్య గోరు కూడా దూరదు. కాఫీ మరక ఏమైనా ఉందా అని పిన్ని వంగి వంగి వెతికింది.

పిన్ని: గార్డు దగ్గాడు.

అబ్బాయి: రెండుసార్లు. ఇంకో మాట, కంచు తోడేలు తలలు అసలువి కావాలంటే రోమ్‌లోనే పలాత్సో మాస్సిమో మ్యూజియంలో ఉన్నాయి. ఓడలు కాలేటప్పటికి అవి నెమిలో లేవు కాబట్టి బతికాయి.

పిన్ని: చూశావా, నీళ్లలో ఉన్నవి కాదు, తీసి భద్రంగా పెట్టినవి బతికాయి.

అబ్బాయి: పిన్నీ! నా పాయింటు నా మీదకే తిప్పకు. నెమిలోనూ భద్రంగానే పెట్టామనుకున్నారు.

పిన్ని: యుద్ధం మధ్యలో పెట్టారు. పెట్టడంలో తప్పు, తీయడంలో కాదు.

అబ్బాయి: నేనొప్పుకోను.

పిన్ని: ఒప్పుకోకు. స్ట్రాబెర్రీలైనా ఒప్పుకుంటావా?

అబ్బాయి: అవి చిన్న గోళీల్లా ఉంటాయి, వాసన మాత్రం గదంతా. చిన్న టార్ట్‌లలో పెట్టి అమ్ముతారు. దారిలో అరిచ్చాలో పోర్కెత్తా, పంది మాంసం తినేవాళ్లకి. మన శాకాహారులు టార్ట్‌లతో సరిపెట్టుకోండి. రిటర్న్ బస్సు టైము చూసుకోకుండా తినకండి, ఆదివారం బస్సులు తక్కువ…

పిన్ని: వచ్చే ఎపిసోడ్ ఫూచినో చేద్దాం.

అబ్బాయి: పిన్నీ, ఫూచినోలో సరస్సే లేదు! 19వ శతాబ్దంలో ఎండగట్టేశారు. ఇప్పుడు బంగాళాదుంపల చేలు.

పిన్ని: అందుకే చేద్దామంటున్నా. క్లాడియస్ చక్రవర్తి ఆ సరస్సు నీళ్లు తీయడానికి 30,000 మందిని పెట్టి 11 ఏళ్లు తూము తవ్వించాడట. నీళ్లు వదిలే ముందు సరస్సు మీద ఉత్తుత్తి నౌకాయుద్ధం పెట్టాడు. అందులో పోరాడాల్సిన ఖైదీలు “చావబోయేవాళ్లం నమస్కరిస్తున్నాం” అంటే, ఈయన “చావకపోవచ్చేమో” అన్నాడు. క్షమించేశాడనుకుని వాళ్లు కత్తులు దించేశారు. చక్రవర్తి కుర్చీ దిగి కుంటుకుంటూ వెళ్లి బతిమాలి, బెదిరించి…

అబ్బాయి: నీటి అంచున?

పిన్ని: నీటి అంచునే. తర్వాత తూము తెరిస్తే లోతు చాల్లేదు, నీళ్లు సరిగ్గా కదల్లేదు. మళ్లీ తవ్వారు. లెవెల్స్ ఎవరు చూశారో వాణ్ని… ఉండు, బెల్లు కొడుతున్నారు. గ్యాసు అబ్బాయి అనుకుంటా. నువ్వు ఫూచినో పక్కనున్న అవెజ్జానోకి రైళ్లు చూసి పెట్టు.

అబ్బాయి: చూస్తాను. మైకు ఆపి వెళ్లు. పిన్నీ? మైకు…